ఆర్ట్ గ్యాలరీకి వెళ్లడం ఎలా: ప్రదర్శన చూడటం నుంచి ఆర్టిస్టుతో మాట్లాడటం దాకా

హైదరాబాద్‌లో ఉంటూ, బొమ్మలంటే ఇష్టం ఉండి కూడా ఆర్ట్ గ్యాలరీ గడప తొక్కనివాళ్లు చాలామంది ఉన్నారు. కారణం ఏమిటని అడిగితే దాదాపు ఒకే మాట చెబుతారు: "మనకేం అర్థమవుతుంది? పైగా కొనేవాళ్లయితేనే రానిస్తారేమో." రెండూ నిజం కాదు. మామూలుగా గ్యాలరీకి టికెట్ ఉండదు, ఎవరైనా వెళ్లొచ్చు, చూసి ఏమీ కొనకుండా వచ్చేయొచ్చు. ఆర్టిస్టులకైతే కొనే మనిషి ఎంత అవసరమో నిలబడి చూసే మనిషీ అంతే అవసరం. లోపలికి వెళ్లాక ఏం చేయాలో ముందే కాస్త తెలిస్తే ఆ బెరుకు పోతుంది. ఇది అందుకోసం రాస్తున్నాను.

ఎక్కడికి, ఎప్పుడు వెళ్లాలి

ముందు మ్యూజియంకీ గ్యాలరీకీ తేడా గుర్తుపెట్టుకోండి. సాలార్‌జంగ్ మ్యూజియంలో చూసే వస్తువులు వచ్చే ఏడాది వెళ్లినా అక్కడే ఉంటాయి. రాజమండ్రిలో దామెర్ల రామారావు (1897–1925) పేరున ఉన్న ఆర్ట్ గ్యాలరీ కూడా, పేరులో గ్యాలరీ అని ఉన్నా, ఆయన చిత్రాలను శాశ్వతంగా కాపాడే చోటు. సమకాలీన కళ చూపించే గ్యాలరీలో అలా కాదు. ఇప్పుడు పని చేస్తున్న ఆర్టిస్టుల కొత్త పని కొన్ని రోజులో కొన్ని వారాలో గోడల మీద ఉంటుంది, తర్వాత ఇంకొకరిది వస్తుంది. మళ్లీ చూద్దాంలే అని వాయిదా వేస్తే ఆ ప్రదర్శన ఇక దొరకదు.

హైదరాబాద్‌లో మొదలుపెట్టాలంటే బంజారాహిల్స్‌లో కళాకృతి, జూబ్లీహిల్స్‌లో సృష్టి ఉన్నాయి. మాదాపూర్ దగ్గర కావూరి హిల్స్‌లో ప్రభుత్వం నడిపే స్టేట్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్ ఉంది. చిత్రమయి అన్నా పాతవాళ్లు గుర్తుపడతారు. పెద్ద హాళ్లు కావడంతో అక్కడ గ్రూప్ షోలు ఎక్కువగా జరుగుతాయి. 2015లో మొదలైన ఇండియన్ ఫొటో ఫెస్టివల్‌కూ అది వేదిక అయింది. బంజారాహిల్స్‌లోనే ఉన్న లమకాన్ అచ్చంగా గ్యాలరీ కాదు గానీ, చాయ్ తాగుతూ కళాకారులతో మాట్లాడే కార్యక్రమాలు జరుగుతుంటాయి కాబట్టి మొహమాటం ఎక్కువ ఉన్నవాళ్లకు తొలి అడుగుగా బాగుంటుంది.

వెళ్లేముందు గ్యాలరీ వాళ్ల ఇన్‌స్టాగ్రామ్ పేజీ చూడండి. ఏ ప్రదర్శన నడుస్తోంది, ఎప్పటిదాకా ఉంటుంది, ఆర్టిస్టు వచ్చి మాట్లాడే రోజు ఏదైనా ఉందా అనే మూడు సంగతులు నోట్ చేసుకోండి. తర్వాత ఒక ఫోన్ చేయండి. ఒక షో దించేసి ఇంకొకటి ఎక్కించే రోజుల్లో లోపల మేకులు, నిచ్చెనలు తప్ప ఏమీ ఉండవు. సెలవు రోజులు కూడా ఒక్కో గ్యాలరీకి ఒక్కోలా ఉంటాయి.

నా మాట వింటే ఒకే ప్రదర్శనకు రెండుసార్లు వెళ్లండి. బొమ్మల కోసం మామూలు పనిరోజు మధ్యాహ్నం, మనుషుల కోసం కార్యక్రమం ఉన్న సాయంత్రం. రెండూ ఒకే రోజు కుదుర్చుకోవాలని చూస్తే రెండూ సగం సగమే అవుతాయి.

లోపలికి వెళ్లాక

ముందు డెస్కు దగ్గర ఉన్నవాళ్లకు నమస్కారం చెప్పి, వీపు మీద బ్యాగు ఉంటే అక్కడ పెట్టేయండి. వెనక్కి తిరిగినప్పుడు బ్యాగు తగిలి శిల్పం ఒరిగిపోతుందేమోనని గ్యాలరీ వాళ్లకు ఎప్పుడూ టెన్షనే. ప్రదర్శన గురించి రాసిన కాగితం ఇస్తే తీసుకోండి, కానీ అప్పుడే చదవకండి.

ఒక చుట్టు తిరగండి. లేబుళ్లు చదవకుండా, ఫోన్ తీయకుండా, మామూలు నడకతో అన్నీ చూసేయండి. ఎక్కడో ఒకచోట కాళ్లు వాటంతటవే ఆగుతాయి. నచ్చడం వల్లే ఆగాలని లేదు, చిరాకు వేసినా ఆగుతారు. అలా ఆపిన ఒకటి రెండు గుర్తుపెట్టుకుని, చుట్టు పూర్తయ్యాక మళ్లీ వాటి దగ్గరికే వెళ్లండి. ముప్ఫై బొమ్మలు ఒక్కొక్క నిమిషం చూసే బదులు రెండు బొమ్మల ముందు పదేసి నిమిషాలు నిలబడటం మేలు.

పది నిమిషాలు ఏం చూడాలి అంటారా? దూరం మార్చి మార్చి చూడండి. ముందు గదికి అవతలి వైపు నుంచి చూస్తే బొమ్మలో బరువు ఎక్కడుందో, కన్ను ఎక్కడికి పోతుందో తెలుస్తుంది. తర్వాత నాలుగడుగుల దూరంలో నిలబడండి. ఆ తర్వాత చేతులు వెనక్కి కట్టుకుని బాగా దగ్గరికి వెళ్లండి. తాకకూడదు, వేలు చూపిస్తూ దగ్గరికి పోకూడదు, పెన్ను చేతిలో ఉంటే జేబులో పెట్టేయండి.

తోట వైకుంఠం చిత్రాన్నే తీసుకోండి. 1942లో కరీంనగర్ ప్రాంతపు బూరుగుపల్లిలో పుట్టిన ఆయన గీసిన తెలంగాణ స్త్రీలను క్యాలెండర్ల మీదో, ఎవరి ఇంటి హాల్లోనో మీరు చూసే ఉంటారు. చామనఛాయ ముఖం, నిండు బొట్టు, ఎర్రటి చీర, పసుపు. అదే చిత్రం అసలుది ఎదురైతే దూరం నుంచి రంగులే ముందు పలకరిస్తాయి. దగ్గరికి వెళ్లాక చూపు గీత మీదికి మళ్లించండి. ముక్కు దగ్గర మొదలైన గీత గడ్డం దాకా ఎలా దిగింది, ఎక్కడ లావెక్కింది, ఎక్కడ సన్నబడింది, చీర అంచు దగ్గర ఒక రంగు పక్కన ఇంకో రంగును ఎలా ఆపారు? అచ్చు వేసిన క్యాలెండర్‌లో ఇది కనబడదు. గ్యాలరీకి స్వయంగా వెళ్లాల్సింది ఇందుకే.

ఈ దశలో "దీని అర్థం ఏమిటి" అని మిమ్మల్ని మీరు వేధించుకోకండి. దాని బదులు "దీన్ని ఎలా చేశారు" అనుకోండి. ముందు ఏ రంగు వేసి ఉంటారు? ఇది బ్రష్షా, బట్టతో తుడిచిందా? ఇక్కడ కావాలనే ఖాళీ వదిలారా? ఇలా చెయ్యి వెళ్లిన దారి పట్టుకుని వెళ్తే, అర్థం చాలాసార్లు దానంతటదే దొరుకుతుంది. దొరక్కపోయినా మీరు బొమ్మను నిజంగా చూసినవాళ్లవుతారు.

వీడియోలు, ఇన్‌స్టలేషన్‌లు (వస్తువుల్ని ఒక చోట అమర్చి చేసే పని) ఉంటే పద్ధతి కొంచెం వేరు. వీడియో ఎంతసేపు ఉంటుందో లేబుల్ మీద రాస్తారు. మధ్యలో దూరినా ఫరవాలేదు, తిరిగి అదే చోటికి వచ్చేదాకా కూర్చోండి. గదంతా పరిచిన ఇన్‌స్టలేషన్ అయితే లోపల నడవచ్చా, తాకొచ్చా అని అక్కడున్నవాళ్లను అడగండి. కొన్నింటిని తాకడానికే చేస్తారు, కొన్నింటిని తాకితే పాడవుతాయి. చూసి చెప్పడం కష్టం.

లేబుల్‌ను ఇలా చదవండి

ఇప్పుడు లేబుల్ దగ్గరికి రండి. ఆర్టిస్టు పేరు, శీర్షిక, ఏ మాధ్యమం (అంటే దేనితో చేశారు), కొలత, సంవత్సరం ఉంటాయి. కొలతల్లో సాధారణంగా ఎత్తు ముందు, వెడల్పు తర్వాత రాస్తారు. 36 × 24 అంగుళాలు అంటే నిలువు బొమ్మ. శిల్పానికైతే మూడో అంకె లోతు. "అన్‌టైటిల్డ్" అని ఉంటే పేరు పెట్టడం మరిచిపోయారని కాదు, చాలాసార్లు మీ చూపును ఒక మాటతో కట్టేయడం ఆర్టిస్టుకు ఇష్టం లేదని. "మిక్స్‌డ్ మీడియా" అని ఉంటే మాత్రం వదిలిపెట్టకండి, అందులో ఏమేం కలిపారో అడగండి. ఇసుక, పాత చీర ముక్కలు, బంగారు రేకు ఏదైనా ఉండొచ్చు.

అంకెల మధ్య గీత ఉంటే, అంటే 7/25 అని ఉంటే, అది మామూలుగా ప్రింటు. ఇక్కడ కాసేపు ఆగుదాం, ఎందుకంటే మొదటిసారి వచ్చినవాళ్లు ఎక్కువగా పొరపడేది ఇక్కడే. ప్రింటు అనగానే జిరాక్స్ అనుకుని ముందుకు వెళ్లిపోతారు. తెలుగువాళ్లు ప్రపంచస్థాయిలో నిలబడిన రంగం ఇదని తెలిస్తే అలా వెళ్లరు.

రేకు మీద బొమ్మ చెక్కి అచ్చు తీసే ప్రింట్లలో ఒక రకం ఎచింగ్. అది ఎలా చేస్తారో చూడండి. నున్నగా మెరుగుపెట్టిన జింకు లేదా రాగి రేకు మీద ఆమ్లానికి లొంగని మైనం లాంటి పూత పూస్తారు. సూదిమొన పనిముట్టుతో ఆ పూతను గీస్తూ బొమ్మ వేస్తారు. గీసినచోట పూత లేచి లోహం బయటపడుతుంది. రేకును ఆమ్లంలో ముంచితే బయటపడ్డ గీతల్ని మాత్రమే అది తినేస్తుంది. ఎక్కువసేపు ఉంచితే గీత లోతవుతుంది, అచ్చులో నల్లగా వస్తుంది. తర్వాత పూత తీసేసి, ఆమ్లం తిన్న గాడుల్లోకి సిరా దిగేలా రుద్ది, పైన మిగిలింది పల్చటి బట్టతో తుడిచేస్తారు. తడిపిన కాగితం రేకు మీద పరిచి, బరువైన రోలర్ల మధ్య నుంచి ప్రెస్సులో నడిపిస్తే కాగితం గాడుల్లోని సిరాను పీల్చుకుంటుంది. బొమ్మ కుడి ఎడమలు తారుమారై వస్తుంది. ఒక్కో కాగితానికీ మళ్లీ సిరా పట్టించాలి, మళ్లీ తుడవాలి.

ఇదంతా గోడ మీద మీకు కనిపిస్తుంది. బొమ్మ చుట్టూ కాగితం మీద రేకు అంచు ఒత్తుకున్న గుర్తు ఉంటుంది, పక్క నుంచి వెలుతురు పడేలా తల వంచి చూడండి. కింద పెన్సిల్‌తో మామూలుగా ఎడమవైపు 7/25, కుడివైపు సంతకం ఉంటాయి. ఆ రేకు నుంచి తీసిన 25 ప్రతుల్లో ఇది ఏడోదని దాని అర్థం. ఏ/పి అని ఉంటే ఆర్టిస్టు తన కోసం విడిగా ఉంచుకున్న ప్రతి.

మెదక్ ప్రాంతపు నిజాంపూర్‌లో 1940లో పుట్టిన కె. లక్ష్మాగౌడ్ ఎచింగులు ఎక్కడైనా చూపిస్తున్నారని తెలిస్తే పని మానుకుని వెళ్లండి. పల్లె మనుషులు, మేకలు, చెట్లు ఒకదానిలోంచి ఒకటి మొలిచినట్టు ఉంటాయి. సూదంత సన్నటి గీతల్ని కొన్నిచోట్ల ఎంత చిక్కగా అల్లారో ముక్కు ఆనించేంత దగ్గరగా వెళ్తే గానీ తెలియదు. చిత్తూరు దగ్గరి నందనూరులో 1925లో పుట్టి శాంతినికేతన్, అక్కణ్నుంచి పారిస్ వెళ్లిన కృష్ణారెడ్డిది ఇంకో దారి. ఒకే రేకు మీద, పలచన చిక్కదనాలు వేరువేరుగా ఉన్న సిరాల్ని, మెత్తనివీ గట్టివీ రోలర్లతో ఎక్కిస్తే రంగులు ఒకదానిలో ఒకటి కలవకుండా నిలుస్తాయి. ఆ కిటుకును పారిస్‌లోని అటెలియర్ 17 స్టూడియోలో అభివృద్ధి చేసినవాళ్లలో ఆయన ముఖ్యుడు. శిల్పి కూడా కావడంతో రేకును శిల్పంలా చెక్కి లోతులు తెచ్చేవారు. అన్ని రంగులూ ఒకే రేకు నుంచి, ఒకేసారి కాగితం మీదికి వస్తాయి. ఈ ఒక్క సంగతి తెలుసుకుని ఆయన ప్రింటు చూస్తే చూపే మారిపోతుంది.

ఓపెనింగ్ సాయంత్రం

ప్రదర్శన మొదలయ్యే రోజు సాయంత్రాన్ని ఓపెనింగ్ అంటారు, ప్రివ్యూ అని కూడా రాస్తారు. ఆహ్వానం ఆన్‌లైన్‌లో అందరికీ పెట్టి ఉంటే మీరూ వెళ్లొచ్చు. పిలిచినవాళ్లకే అని గానీ, రాకముందు తెలియజేయమని గానీ ఉంటే ఫోన్ చేసి అడగండి. పట్టుబట్టలు అక్కర్లేదు, ఆఫీసుకు వేసుకున్నవి చాలు.

ఆ సాయంత్రం పెళ్లిలాంటిది. అందరూ కనిపిస్తారు గానీ పెళ్లికూతురితో తీరిగ్గా మాట్లాడలేం. ఆర్టిస్టు చుట్టూ గురువులు, స్నేహితులు, కొనేవాళ్లు ఉంటారు. వంతు వచ్చినప్పుడు మీ పేరు చెప్పి, ఏ బొమ్మ మిమ్మల్ని ఆపిందో ఒక్క మాట చెప్పి పక్కకు తప్పుకోండి. "చాలా బాగున్నాయండీ" అనే మాట ఆ రోజు వందసార్లు వింటారు. "ఆ మూలనున్న చిన్న బొమ్మలో కిటికీ దగ్గరి వెలుతురు నన్ను ఆపేసిందండీ" అంటే ఆయనకు గుర్తుండిపోతుంది. చిత్రాలకు వీపు ఆనించి కబుర్లు చెప్పుకోకండి, టీ కప్పుతో బొమ్మ దగ్గరికి పోకండి.

ఆర్టిస్ట్ టాక్

కొత్తవాళ్లకు అన్నిటికన్నా పనికొచ్చేది ఇదే. ఒక గంట ఆర్టిస్టు మాట్లాడతారు, లేదా మనల్ని వెంటబెట్టుకుని ఒక్కో బొమ్మ ముందు ఆగుతూ చెబుతారు. రెండో రకాన్ని వాక్‌త్రూ అంటారు. రెండూ ఉంటే వాక్‌త్రూకే వెళ్లండి. కుర్చీలో కూర్చుని స్లైడ్లు చూడటం కన్నా బొమ్మ ముందే నిలబడి వినడం వేరు.

సాధ్యమైతే అంతకుముందే ఒకసారి ప్రదర్శన చూసి రండి, లేదంటే అరగంట ముందు చేరండి. అడగాలనుకున్నది కాగితం మీద రాసుకోండి. ఎలాంటి ప్రశ్నలు పని చేస్తాయంటే:

"సార్, ఈ గీత ఒక్కసారిగా గీశారా, ముందు పెన్సిల్‌తో వేసుకున్నారా?"

"మేడమ్, ఈ బొమ్మ అయిపోయిందని మీకు ఎలా తెలిసింది? ఎక్కడ ఆపాలో ఎలా నిర్ణయించుకుంటారు?"

"ఈ వరసలో ముందు వేసింది ఏది? తర్వాత ఏం మారింది?"

"ఈ రంగు పాత బొమ్మల్లో లేదు కదా, ఎక్కణ్నుంచి వచ్చింది?"

ఇవన్నీ పని గురించిన ప్రశ్నలు. ఎంత తక్కువ మాట్లాడే ఆర్టిస్టు అయినా పని గురించి అడిగితే నోరు విప్పుతారు. "దీని ద్వారా సమాజానికి మీరిచ్చే సందేశం ఏమిటి" అని అడిగితే నలిగిపోయిన జవాబే వస్తుంది. "మా అబ్బాయి కూడా ఇలాగే గీస్తాడు" అన్నది ప్రశ్న కాదు. ధర గురించి నలుగురిలో అడగకండి, దానికి వేరే చోటుంది.

తెలుగులో అడగండి. గ్యాలరీ అనగానే ఇంగ్లిష్‌లోనే మాట్లాడాలనే బెరుకు మనలో చాలామందికి ఉంది, దానివల్ల మంచి ప్రశ్నలు ఎన్నో గొంతులోనే ఆగిపోతున్నాయి. తెలుగు ఊళ్ల నుంచి వచ్చిన ఆర్టిస్టుకు తన పని గురించి తెలుగులో చెప్పే అవకాశం దొరికితే మాట ఎంత సులువుగా సాగుతుందో మీరే చూస్తారు. అక్కడ చూసేవాళ్లు రాసే పుస్తకం పెడితే అందులోనూ తెలుగులోనే రాయండి, నచ్చిన బొమ్మ పేరుతో సహా.

ఫొటో తీసుకునే ముందు అడగండి. ఒప్పుకుంటే ఫ్లాష్ ఆపేసి తీయండి. ఎక్కడైనా పెడితే ఆర్టిస్టు పేరు, బొమ్మ శీర్షిక తప్పకుండా రాయండి. వర్క్‌షాప్ ఉందంటే సీట్లు కొద్దిగానే ఉంటాయి, తొందరగా పేరు ఇవ్వండి. ముఖ్యంగా ప్రింటు వర్క్‌షాప్ అయితే అస్సలు వదలొద్దు, ఒక్కసారి రేకు తుడిచి ప్రెస్సు చక్రం తిప్పితే పైన నేను చెప్పిందంతా చేతికి తెలుస్తుంది.

పిల్లల్ని తీసుకెళ్లొచ్చా? తప్పకుండా. అరగంట చాలు. చేతికి చిన్న పుస్తకం, పెన్సిల్ ఇచ్చి, నచ్చిన ఒక్క బొమ్మను చూసి గీయమనండి. రంగులు, స్కెచ్ పెన్నులు మాత్రం ఇంట్లోనే వదిలేయండి.

ధర అడగడం, కొనడం

డెస్కు దగ్గర "ప్రైస్ లిస్ట్ ఉందా అండీ" అని అడగండి. కొనకపోయినా అడగొచ్చు, తప్పేమీ లేదు. బొమ్మ పక్కన ఎర్ర చుక్క అతికించి ఉంటే అమ్ముడైనట్టు. పెద్ద పేరున్నవాళ్ల కాన్వాస్‌లు మన అందుబాటులో లేకపోయినా అదే ఆర్టిస్టు చిన్న డ్రాయింగులు, ప్రింట్లు చాలా తక్కువలో ఉండొచ్చు. ఇన్ని వాయిదాల్లో ఇస్తానని అడగడానికి సిగ్గుపడకండి, ఒప్పుకునే గ్యాలరీలు ఉన్నాయి.

కొంటే బిల్లుతో పాటు ఆథెంటిసిటీ సర్టిఫికెట్, అంటే బొమ్మ అసలుదేనని చెప్పే పత్రం, తీసుకోండి. బొమ్మ ఫొటో, శీర్షిక, మాధ్యమం, కొలత, సంవత్సరం, సంతకం అందులో ఉండాలి. పేరున్నవాళ్ల పేరుతో నకిలీలు తిరిగే రంగం ఇది, కాబట్టి కాగితాలు లేకుండా "తెలిసినవాళ్ల దగ్గర చవగ్గా వస్తోంది" అంటే దూరంగా ఉండండి. బొమ్మ మీది అయినంత మాత్రాన దాని కాపీరైట్ మీది కాదు. ఇలా ప్రదర్శనలో కొన్న బొమ్మకైతే, రాతపూర్వకంగా రాసిస్తే తప్ప అది ఆర్టిస్టుదే. కాబట్టి దాన్ని పుస్తకం అట్టగా అచ్చు వేయాలంటే ఆర్టిస్టు అనుమతి కావాలి.

ఇంట్లో తగిలించేటప్పుడు బొమ్మ మధ్యభాగం నేల నుంచి 57–60 అంగుళాల ఎత్తులో ఉండేలా చూడండి. మనవాళ్లు మామూలుగా పైకప్పుకు దగ్గరగా కొడతారు, మెడ పైకెత్తి చూడాల్సి వస్తుంది. ఎండ పడే గోడ, బాత్రూమ్ వెనక చెమ్మ గోడ వద్దు. కాగితం మీది పని అయితే గాజు బొమ్మకు తగలకుండా మధ్యలో మౌంట్ (బొమ్మ చుట్టూ వచ్చే అట్ట చట్రం) పెట్టించి, ఆ మౌంట్ ఆసిడ్ లేని బోర్డుతోనే చేయమని ఫ్రేము వేసేవాళ్లకు గట్టిగా చెప్పండి. మామూలు అట్ట అయితే కొన్నేళ్లలో కాగితం పసుపుపచ్చగా మారుతుంది.

స్టూడియో దాకా

బడ్జెట్ తక్కువున్నవాళ్లు, కళ్లు పదునుపెట్టుకోవాలనుకునేవాళ్లు విద్యార్థుల ప్రదర్శనలు వదులుకోకూడదు. మాసాబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్‌ఏఎఫ్‌ఏయూ), గచ్చిబౌలిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోని సరోజినీ నాయుడు స్కూల్, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ ఫైన్ ఆర్ట్స్ విభాగం వంటి చోట్ల విద్యార్థులు ఏటేటా కొత్త పని చేస్తుంటారు. వాళ్ల పని ఎప్పుడు చూపిస్తారో విద్యా సంవత్సరం చివర్లో కనుక్కోండి. అక్కడ గోడ పక్కనే బొమ్మ వేసిన పిల్లో పిల్లవాడో నిలబడి ఉంటారు. ఎంతసేపైనా మాట్లాడొచ్చు.

ఎవరి పని అయినా మిమ్మల్ని బాగా కట్టిపడేస్తే "మీ స్టూడియోకి ఒకసారి రావచ్చా" అని అడగండి. చాలామంది సంతోషంగా రమ్మంటారు. గ్యాలరీ ద్వారా పరిచయమైతే ఆ సంగతి గ్యాలరీ వాళ్లకూ చెప్పండి, ప్రదర్శనలో ఉన్న బొమ్మను స్టూడియోలో తక్కువకు ఇమ్మని అడగడం పద్ధతి కాదు. ఫోన్ చేసి వాళ్లకు వీలైన సమయానికే వెళ్లండి. గోడకు తిప్పి పెట్టినవాటిని మీరే తిప్పి చూడకండి, అవి ఇంకా పూర్తికానివి అయ్యుండొచ్చు. చూపించమని అడగండి. స్కెచ్ పుస్తకాలు ఉంటే అవి చూపించమనండి, గ్యాలరీ గోడ మీద మీరు చూసిన బొమ్మ మొదట ఎలా పుట్టిందో వాటిలో ఉంటుంది.

వచ్చేటప్పుడు వాళ్ల తర్వాతి ప్రదర్శన ఎప్పుడో, ఎక్కడో అడిగి ఫోన్ క్యాలెండర్‌లో వేసుకోండి. ఈసారి వెళ్లేటప్పుడు ఇంకొకరిని వెంట తీసుకెళ్లండి.